రేవులో గంట తేడా

ఫిబ్రవరి 4, మధ్యాహ్నం
ఓడ మీంచి

ఒరేయ్ చిన్నముల్లూ,

గడియారంలో చిన్నముల్లులా నువ్వు గంటకోసారి గాని కదలవని ఈ పేరు పెట్టింది మీ బావే. ఇప్పుడు ఆ కదలకపోవడమే మాకు పనికొచ్చింది. వాచీల షాపులో కుర్చీ వదలకుండా కూర్చుని ఉంటావన్న ధీమాతోనే నేనిలా సముద్రం మధ్యలో కాళ్ళు చాపుకుని రాస్తున్నాను.

ఇద్దరం బాగున్నాం. మొదటి రెండు రోజులు నా కడుపు నా మాట వినలేదు. ఇప్పుడు ఓడ ఎటు ఊగితే నేనూ అటే ఊగుతున్నాను, తగువు లేదు. మా గది మీ వంటింట్లో సగం ఉంటుంది. రెండు మంచాలు, ఒక అద్దం, ఒక గుండ్రటి కిటికీ. కూర్చున్న చోటికి భోజనం తెస్తారు, తిన్న కంచం వాళ్ళే తీస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళు వండి వార్చినందుకు ఇది నా పెన్షన్ అనుకుంటున్నా. రెండు నెలలు ఇలా గడిస్తే ఇంటికొచ్చాక నాకు పని చేతకాదేమో.

మీ బావకి మాత్రం టైముతో పేచీ. ఓడ పడమటికి పోతోందిగా, రెండు మూడు రోజులకోసారి గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిప్పుతారు. పొద్దున్నే లేచి తన చేతి వాచీ చూసుకుని, బయట గోడ గడియారం చూసి, అక్కడున్న ఆఫీసరుతో వాదనకి దిగుతున్నారు. జీవితమంతా వాచీలు బాగుచేసిన మనిషిని పట్టుకుని నీ టైము తప్పంటే ఊరుకుంటారా.

ఒక నవ్వులాట చెప్పాలి. ఇక్కడ గదుల తలుపులన్నీ ఒకేలా ఉంటాయి. ఆయన మొన్న పక్క గదిలోకి వెళ్ళి, అక్కడ ఉండే టీచరమ్మ మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకున్నారట. ఆవిడ పడీ పడీ నవ్వింది. నిన్న మళ్ళీ అదే జరిగింది. నిన్న కొంచెం తక్కువ నవ్వింది.

షాపు సంగతి మర్చిపోకు. గాజు బీరువాలో బాగుచేసిన వాచీలు నలభై మూడున్నాయి. ఒక్కోటీ ఒక్కో కవర్లో ఉంది, కవరు మీద పేరుంది. మనిషి వస్తే కవరివ్వు. దేన్నీ విప్పకు, దేనికీ కీ తిప్పకు. మా ఓడ ఏ తేదీన ఏ రేవులో ఆగుతుందో రాసి తలుపు వెనక అంటించాను. అక్కడి ఓడ కంపెనీ మనిషి పేరున ఉత్తరం వేస్తే ఆయన సంచీలో పెట్టి మాకు పంపిస్తాడు.

నేల మీద కాలు లేని
నీ అక్క


ఫిబ్రవరి 11
షాపు నుంచి

అక్కకి,

నీ ఉత్తరం చదివి మీ మరదలు నన్నొక చూపు చూసింది. మనం ఎప్పుడు ఓడ ఎక్కుతామని దాని అర్థం. ఆ సంగతి పక్కనపెట్టు. బూట్ల కథ మాత్రం నాకు మరీ అంత నవ్వు తెప్పించలేదు. ఎందుకో చెప్తాను.

నువ్వు చెప్పిన పనే చేశాను. మనిషి వచ్చాడు, కవరిచ్చాను. మొదటి పది కవర్లలో ఆరు వెనక్కొచ్చాయి. బ్యాంకు క్యాషియరు వాచీకి పెద్దముల్లు లేదు. బేకరీ ఆయన కవర్లో రెండు వాచీలున్నాయి, రెండూ ఆయనవి కావు. ఆయనది ఎక్కడుందో నాకింకా దొరకలేదు. ఆసుపత్రి నర్సమ్మ కవర్లో అసలు వాచీయే లేదు. మడతపెట్టిన కాయితం ఒకటి ఉంది. దానిమీద వాచీ వెనక మూత బొమ్మ, ఒక బాణం గుర్తు, కింద బావ చేతిరాత: "ఇటు తిప్పితే తెరుచుకుంటుంది."

ఎవరికో పని నేర్పడానికి గీసి ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ బావ ఎవరికీ పని నేర్పడు కదా. బయల్దేరే హడావుడిలో ఏమైనా కంగారు పడ్డాడా? నిద్ర సరిగా పోతున్నాడా? ఊరికే అడుగుతున్నాను.

కస్టమర్లకి ఏం చెప్పాలో తెలీక ఎదురు వాచీల షాపాయన్ని పిలిచి వాచీలు చూపించాను. ఆయన సంగతి నీకు తెలుసుగా, నోరు తెరిస్తే మూయడు. కంటికి అద్దం పెట్టుకుని అయిదారు వాచీలు విప్పి చూశాడు. ఒక్క మాట మాట్లాడకుండా అన్నిటికీ మూతలు బిగించి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

వెంటనే జవాబు రాయి.

నీ చిన్నముల్లు


ఫిబ్రవరి 17
రెండో రేవు నుంచి

తమ్ముడికి,

కోపంగా ఉన్నాను కాబట్టి ఈసారి ముద్దుపేరు లేదు.

కాపలా పెడితే కంచే చేను మేసినట్టయింది. ఆ కవర్లు నువ్వే కింద పడేసి ఉంటావు. ఏరినవి ఏరినట్టు చేతికందిన దాంట్లో కుక్కి ఉంటావు. చిన్నప్పుడు నాన్న పెట్టెలో మేకులూ మరలూ కలిపేసి నేరం నా మీదకి తోసిన ఘనుడివి, నాకు తెలీదా. అది చాలక ఎదురు షాపాయన్ని లోపలికి పిలుస్తావా? ఇరవై ఏళ్ళ నుంచి మన గిరాకీ మీద కన్నేసిన మనిషాయన. ఈపాటికి ఊరంతా టముకు వేసి ఉంటాడు. నీకు ఆ షాపు కావాలంటే నోరు తెరిచి అడుగు, పొమ్మనలేక పొగపెట్టకు.

నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. ఆయన బాగున్నారు. ఓడలో అందరికీ ఆయనంటే ఇష్టం. ఓడలో మంగలి షాపొకటుంది, అక్కడి గోడ గడియారం ఆగిపోయిందని తెలిసి ఆయనే అడిగి దింపించారు. పొద్దున్నుంచి భోజనాల దాకా పేపరు పరిచి విప్పారు. విప్పాక చాలాసేపు ఆ ముక్కల ముందు కూర్చున్నారు. చివరికి లేచి, "దీని స్ప్రింగు బజారులో దొరకాలి, షాపు నుంచి మనిషిని పంపిస్తాను" అన్నారు. మంగలి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. చుట్టూ నీళ్ళే కదా. ఆ ముక్కలన్నీ నా చేతిరుమాల్లో మూటగట్టి గదికి తెచ్చాను. ఆయనకి అలసట, అంతే. అన్నేళ్ళు వంగి కూర్చున్న మనిషికి ఒక్కసారిగా పని లేకపోతే ఇలాగే ఉంటుంది. నువ్వు గోరంతని కొండంత చెయ్యకు.

ఇరవై ఎనిమిదిన ఓడ ఒక దీవిలో పగలంతా ఆగుతుంది. గుంపులుగా తిప్పి చూపిస్తారట. టీచరమ్మ తనతో రమ్మంది. వద్దన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి మాకు షాపు తీసే వేళ, మూసే వేళ తప్ప ఇంకో వేళ తెలీదు. ఆ ఒక్క రోజూ మా ఇద్దరిదే.

బీరువాకి తాళం వేసి తాళంచెవి మీ ఆవిడకివ్వు.

అక్క


ఫిబ్రవరి 22
షాపు నుంచి, దీవి రేవుకి

అక్కా,

నీ మీద కోపంతో ఒక ఉత్తరం రాసి చింపేశాను. ఇది రెండోది. నాకు షాపు వద్దు. నాకు వాచీలో ఏది ముందో ఏది వెనకో తెలీదు. కవర్లు నేను పడెయ్యలేదు. నమ్మితే నమ్ము, నమ్మకపోయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

బేకరీ ఆయన వాచీ కోసం కింది సొరుగు వెతికాను. పాత బెల్టుల కింద చిన్న నోటు పుస్తకం దొరికింది. బావ రాతే. మొదటి పేజీలో "తాళాలు: పెద్దది కిందకి, చిన్నది పైకి" అని ఉంది. రెండో పేజీలో ఇలా ఉంది: "ఇంటికి దారి. బయటికి రాగానే కుడి. మందుల షాపు దగ్గర ఎడమ. ఆకుపచ్చ గేటు దాటాక మూడో ఇల్లు."

ముప్పై ఎనిమిదేళ్ళ పాటు రోజుకి నాలుగుసార్లు నడిచిన దారి అక్కా అది.

తర్వాత పేజీల్లో మనుషులున్నారు. నేనూ ఉన్నాను: "సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, భార్య తమ్ముడు, మంచివాడు." ఆఖరి పేజీలో నువ్వు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, క్షమించు. "తలుపు తీసే ఆవిడ నా భార్య. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది." కింద తేదీ కూడా వేశాడు. పోయినేడు వానాకాలం నాటిది.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందుంది. అంటే బావ దగ్గర లేదు. నన్ను భయపెడుతున్నది అదే.

నర్సమ్మకి విషయం చెప్తే తన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన అంతా విని, ఇంకా ఎన్నాళ్ళు ప్రయాణమని అడిగాడు. ఇంకో నెల అన్నాను. ఇలాంటి వాళ్ళు అలవాటైన ఇంట్లో నెట్టుకొస్తారట. కొత్త చోటికెళ్తే ఉన్న కాస్త పట్టూ జారిపోతుందట. మనిషిని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దని మరీ మరీ చెప్పాడు.

అక్కా, ఇరవై ఎనిమిదిన దిగొద్దు. దిగాల్సి వస్తే ఆ టీచరమ్మ గుంపుతో దిగు. చెయ్యి వదలకు. ఆయన వాచీని నమ్మకు. ఈ మాట నేనే రాయాల్సి వస్తోంది. ఈ వీధిలో అందరం ఆ వాచీ చూసే మా గడియారాలు సరిచేసుకున్నాం.

నువ్వు దిగేలోపే ఇది నీ చేతికందాలి.

తమ్ముడు


ఫిబ్రవరి 28, మధ్యాహ్నం
దీవి నుంచి, ఒక బెంచీ మీద

చిన్నముల్లూ,

కోపం పోయింది, అందుకే పేరు తిరిగొచ్చింది. ఆ ఉత్తరంలో నోటికొచ్చినట్టు రాశాను. షాపు మాట మనసులో పెట్టుకోకు. నీ జవాబు వచ్చే ఉంటుంది, కానీ సంచీ ఇంకా విప్పలేదట. సాయంత్రం భోజనాలప్పుడు గదిగదికీ పంచుతారట. కాసేపు ఆగుదామంటే మీ బావ వినలేదు. "ఉత్తరం ఎక్కడికి పోతుంది, పద" అని బయల్దేరదీశారు.

ఇంత మంచి రోజు నేనెప్పుడూ చూడలేదురా. ఎండ ఉంది, చురుక్కుమనడం లేదు. రేవు నుంచి పైకి సన్నటి వీధి, రెండు పక్కలా నీలం తలుపుల ఇళ్ళు, మేడల మీద ఆరేసిన బట్టలు. ఎవరికీ ఏ తొందరా లేదు. తాళ్ళు అమ్మే కొట్టు ముందు పిల్లి పడుకుంటే దాన్ని దాటుకుని లోపలికెళ్తున్నారు గాని లేపడం లేదు. మీ బావ ప్యాంటు మడిచి నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నారు. టీ తాగాం, బన్ను తిన్నాం. నా చెయ్యి పట్టుకుని నడిచారు. మన వీధిలో ఎప్పుడైనా పట్టుకున్నారా?

కార్డు మీద సాయంత్రం అయిదుకల్లా ఓడ ఎక్కాలని ఉంది, అదీ ఓడ టైము ప్రకారం. ఈ దీవి టైము ఓడ కంటే గంట వెనక. ఎవరూ వాచీలు ముట్టుకోవద్దని మైకులో మూడుసార్లు చెప్పారు. ఈయన వింటారా? దిగగానే రేవులో గడియారస్తంభం చూసి తన వాచీ తిప్పేశారు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి టైము పెట్టుకోవడం మర్యాదట. నేను నసిగితే, "గంట తేడా నాకు తెలీదా, నా వాచీలో నాలుగయ్యేసరికి ఓడ దగ్గరుంటాం" అన్నారు. ఇంకేం కావాలి. వాచీలాయన పెళ్ళానికి వాచీ లేదని నువ్వు వెక్కిరిస్తుంటావు గాని, ఆయన్నడిగితే సరిపోయేదానికి నాకెందుకురా.

ఇందాక మా పెళ్ళినాటి వాన గురించి చెప్పారు. "పాపం ఆ పిల్ల తడిసి ముద్దయిపోయింది" అన్నారు. ఆ పిల్లని నేనేనండీ అన్నాను. ఒక్క క్షణం చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

ఎదురుగా పాత సామాన్ల కొట్టుంది. గడియారాలేమైనా ఉన్నాయేమో చూసొస్తానని వెళ్ళారు. ఇక్కడికి వీపు కనిపిస్తోంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వీపు కనిపించడం లేదు. లోపలికెళ్ళారేమో. చూసొస్తాను.

వచ్చారు. చాలాసేపు పట్టింది. కొట్లో లేరు, వెనక సందులోనూ లేరు. చివరికి చేపలమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడకి దారి చూపిస్తున్నానని చెప్పారు.

టైమెంతయిందని అడిగాను. రెండూ పది అన్నారు. ఇంకా బోలెడంత ఉంది. గుట్ట మీద లైట్‌హౌసు దాకా నడుద్దామంటున్నారు. ఇక్కడే పోస్టుడబ్బా ఉంది, ఇది వేసేసి వెళ్తాం.

నీ అక్క


మార్చి 3
దీవి నుంచి

తమ్ముడూ,

మేమింకా దీవిలోనే ఉన్నాం. ఓడ వెళ్ళిపోయింది. ప్రాణాలకి ఏమీ కాలేదు, ముందు అది తెలుసుకుని తర్వాత చదువు.

లైట్‌హౌసు నుంచి నెమ్మదిగా దిగొస్తున్నాం. దారిలో పూలు చూస్తూ ఆగారు, నేనూ ఆగాను. నాలుగు కావస్తోందేమో అని అడిగాను. వాచీ చూసి, "నాలుగుంబావు. అయిదుకి కదా ఓడ, ముప్పావుగంట ఉంది" అన్నారు. ఓడ టైములో అప్పటికే అయిదుంబావు. ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తిస్తున్నావని నన్ను కసిరారు. రేవుకొచ్చేసరికి ఓడ కట్టిన చోట ఉత్త నీళ్ళున్నాయి. ఓడ దూరంగా అగ్గిపెట్టెంత కనిపించింది. ఆయన తలెత్తి గడియారస్తంభం చూసి, చేతి వాచీ చూసుకుని, "చూడు, ఒక్క సెకను తేడా లేదు" అన్నారు. అది నిజం. ఆ పూట ఆ దీవిలో అంత కరెక్టు వాచీ ఇంకొకటి ఉండదు.

ఓడ కంపెనీ మనిషి మా కోసమే కూర్చుని ఉన్నాడు. వేళకి రాని వాళ్ళ పాస్‌పోర్టులు రేవులో దింపేసి వెళ్తారట. టీచరమ్మ మా గదిలోకి పరుగెత్తి, ఆయన బీపీ మాత్రలు, రెండు జతల బట్టలు సంచీలో పడేసి ఇచ్చిందట. ఆ తల్లి చల్లగా ఉండాలి. ఇంటి వైపు వెళ్ళే ఓడ పదకొండో తేదీన ఉంది. అందాకా తాళ్ళ కొట్టు మీది గది ఇచ్చారు.

నాకు తెలుసురా. నీ ఉత్తరం కంటే ముందే తెలుసు. ఏడాదిన్నరగా తెలుసు. సాయంత్రాలు షాపు మూసే వేళకి కూరల సంచీ పట్టుకుని మందుల షాపు దగ్గర నిలబడేదాన్ని, అనుకోకుండా ఎదురైనట్టు. నాకు కూరలక్కర్లేదు. ఆయన అక్కడ ఆగి జేబులోంచి ఏదో తీసి చూసుకునేవారు. ఏమిటని అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం. నీ మీద అరిచింది కూడా అందుకే. కవర్లు నువ్వు పడేశావంటే నేను ఇంకో నాలుగు రోజులు బతికిపోతాను. ఆ రోజు గంట తేడా సంగతి నాకు తెలిసి కూడా రెండోసారి అడగలేదు. నేను రెండోసారి అడిగితే, నాకు తెలుసని ఆయనకి తెలిసిపోతుంది. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని ఆయన్నే పోగొట్టుకోబోయాను. ఇది నా తప్పు. ఆయన వాచీది కాదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కిందికి దిగి తాళ్ళ కొట్టు షట్టరు ఎత్తుతున్నారు, తన షాపనుకుని. కొట్టాయన మంచివాడు, ఎత్తనిస్తున్నాడు. పొద్దుటి పూట నేనెవరో తెలుస్తోంది. మూడూ నాలుగూ అయ్యేసరికి నన్ను ఎక్కడో చూసినట్టు చూస్తున్నారు. నిన్న నేను స్నానం చేసి వచ్చేలోగా రేవు చివరి మెట్టు దాకా వెళ్ళిపోయారు. నీళ్ళు బూట్లని తాకుతున్నాయి. ఇంటికి దారి ఇటే అన్నారు. అప్పట్నుంచి తలుపు గడియకి కొట్లోంచి తెచ్చిన తాడు బిగించి పెడుతున్నాను.

మిగిలిన వాచీలన్నీ ఎదురు షాపాయనకిచ్చి బాగుచేయించు. నేను క్షమించమన్నానని చెప్పు. షాపు బోర్డు దింపించు. ఇరవై అయిదున మన రేవుకి రా. ఒక చెయ్యి నువ్వు పట్టుకోవాలి, ఒకటి నేను పట్టుకుంటాను. నా ఒక్కదాని వల్ల కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక్క సంగతి ఇందాకట్నుంచి దాటేస్తూ వచ్చాను. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను.

ఆ రోజు రేవులో కంపెనీ మనిషి పాస్‌పోర్టులతో పాటు నీ ఉత్తరం కూడా ఇచ్చాడు. మా గదికి చేరాల్సింది మా సామాన్లతో పాటు దింపేశారు. నేను ఓడ వైపు చూస్తూ ఏడుస్తున్నాను, అందుకని ఆయన చెయ్యి చాపి అందుకున్నారు. బెంచీ మీద కూర్చుని విప్పారు. నేను తేరుకుని లాక్కునేలోపే పైకి చదవడం మొదలుపెట్టారు. పేపరు చదివి వినిపించేవారు కదా, అదే గొంతుతో, ఎక్కడా తడబడకుండా. తాళాలు, ఇంటికి దారి, ఆకుపచ్చ గేటు. పుట్టుమచ్చ మాట దగ్గర ఆగి తలెత్తి నా వైపు చూశారు. మళ్ళీ తల దించుకుని డాక్టరు చెప్పిన మాటలూ, వాచీని నమ్మొద్దన్న మాటా, నీ సంతకం దాకా చదివారు.

అంతా అయ్యాక కాయితం మడతల మీద మడిచి, అంచులు సరిచేసి నా చేతికిచ్చారు.

"పాపం, ఎవరో పెద్దమనిషి" అన్నారు. "ఇలాంటాయన్ని ఒంటరిగా వదలకూడదమ్మా. వాళ్ళావిడకి ఈ ఉత్తరం అందిందో లేదో."

అందిందని చెప్పాను.

నీ అక్క